మౌసు ప్యాడు పూర్వవృత్తాంతము

క్రొత్తగా కంప్యూటరు కొనుటకు వెళ్లిన వానిని, పెట్టెకును తెరకును కీబోర్డునకును బేరము కుదిరి బిల్లు వ్రాయు వేళకు, అంగడి కుర్రవాడు "మౌస్ ప్యాడ్ కూడా వేసెయ్యమంటారా, సార్?" అని అడుగుట నేటికిని మానలేదు. ఒకడు, బల్ల ఉండగా బల్లమీద మరల ఈ గుడ్డ యేల యని త్రోసివేయును. మరియొకడు, అందరి బల్లలపైనను ఉన్నది గదా, మనకును ఉండనిమ్మని పుచ్చుకొనును. ఈ ఇరువురిలో ఎవరిని తప్పుపట్టుటకును నాకు మనసొప్పదు. అయినను ఈ చిన్న వస్తువు ఏ అక్కరచే పుట్టెనో, ఏ కాలమున అది లేనిదే పని సాగకుండెనో, ఏ కాలమున ఆ అక్కర తీరిపోయెనో తెలిసికొన్నచో, ఆ ప్రశ్నకు సమాధానము ఊహతో గాక ఆధారముతో చెప్పవచ్చును. ప్యాడు కావలయునా వలదా యను సంగతిని ముఖ్యముగా తేల్చినది వాడువాని అభిరుచి కాదు. మౌసు కడుపులో నున్న యంత్రమును, దాని క్రింద నున్న బల్ల ముఖమును అను ఈ రెండే యని, రమారమి అరువది యేండ్ల ఈ కథను పరికించిన వారికి విశదమగును.

కాలిఫోర్నియా రాష్ట్రమున మెన్లో పార్కునందలి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్బార్ట్ అను ఇంజనీరు, మానవుని బుద్ధిబలమును యంత్రసాహాయ్యముతో పెంపొందింపవలెనను మహాసంకల్పము గలవాడై, తెరమీది అక్షరమును వ్రేలుపెట్టి చూపినంత సులభముగా చూపుటకు ఏ సాధనము మేలగునని వెదకుచుండగా, ఆయన సహచరుడైన బిల్ ఇంగ్లీష్ 1964లో మొదటి మౌసును చేసియిచ్చెను. అది అరచేతిలో ఇముడునట్టి కొయ్యదిమ్మె. పైభాగమున ఒక్కటే మీట. అడుగున ఒకదానికొకటి అడ్డముగా అమర్చిన రెండు లోహచక్రములు. ఒక చక్రము ప్రక్కలకు సాగిన నడకను, రెండవది ముందువెనుకల నడకను కొలుచును. ఈ యమరికలో ఒక సూక్ష్మము కలదు. మౌసును నేరుగా ఒక ప్రక్కకు జరిపినపుడు ఒక చక్రము దొర్లుచుండగా రెండవది తిరుగక తన అంచుమీద జారవలసియుండును. ఏటవాలుగా జరిపినపుడు రెండును కొంత దొర్లుచు కొంత జారుచు పోవలసియుండును. కావున క్రింది తలము చక్రమును పట్టి దొర్లించునంత గరుకుగాను, అడ్డముగా జారనిచ్చునంత నునుపుగాను ఒక్కమారే ఉండవలెను. పరస్పర విరుద్ధములైన ఈ రెండు గుణములను ఒక్క తలమే చూపవలసివచ్చుటలో ప్యాడు పుట్టుకకు బీజము పడినది.

1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందు జరిగిన కంప్యూటరు నిపుణుల సభలో, రమారమి వేయిమంది యెదుట, ఎంగెల్బార్ట్ 90 నిమిషములపాటు తన సాధనసామగ్రినంతయు నడిపి చూపెను. మౌసు లోకమునకు కనబడిన మొదటి దినమదియే. ఆనాడాయన యెదుట నున్న పలకను హెర్మన్ మిల్లర్ అను కుర్చీబల్లల కంపెనీకి చెందిన జాక్ కెల్లీ రూపొందించెను. ఆ పలకలో కీబోర్డునకు చోటువిడిచినట్లే, మౌసు తిరుగాడుటకును ప్రత్యేకముగా కొంత తావు దించి విడిచియుండెను. బల్లమీద ఎక్కడనో యొకచోట గాక, మౌసునకు తనదైన నేల యొకటి ఉండవలెనను భావము అప్పటికే వారి మనసులలో మెదలినదనుటకు ఆ తావే సాక్ష్యము. మరుసటి యేడు, అనగా 1969లో, మొదటి మౌసు ప్యాడును తానే చేసితినని కెల్లీ చెప్పియున్నాడు. మౌసునకు 1970 నవంబరు 17వ తేదీన పేటెంటు వచ్చెను; ఆ హక్కు మాత్రము సంస్థ చేతిలోనే ఉండి, లోకమంతయు మౌసును చేపట్టు నాటికి, 1987లో, గడువు తీరిపోయెను. కోటానుకోట్ల చేతులకు పని నేర్పిన ఆ మహనీయునికి దానివలన రాయల్టీ యేమియు చేకూరలేదని తలచినప్పుడెల్ల నాకు కష్టము తోచును.

చక్రముల స్థానమున గోళము వచ్చుటతో కథ మలుపు తిరిగినది. జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ వారు, ఎంగెల్బార్ట్ ప్రదర్శనమునకు కొలది వారములు ముందుగనే, గోళముమీద దొర్లు సాధనమొకదానిని తమ కంప్యూటరుతో జతచేసి ప్రకటించియుండిరి. కాని దాని కీర్తి ఆ దేశపు ఎల్లలు దాటలేదు. ఇటు అమెరికాలో బిల్ ఇంగ్లీష్ జిరాక్స్ కంపెనీ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమునకు తరలిపోగా, అచ్చట 1973లో వెలసిన ఆల్టో యంత్రముతో మౌసు ఇంకను పెరిగి, క్రమముగా గోళము నాశ్రయించెను. ఈ గోళపు మౌసు పనిచేయు విధమును కొంచెము నిదానించి చూడవలెను. కడుపులో నున్న గోళము బల్లను తాకుచు దొర్లును. ఆ గోళమునకు రెండు సన్నని కడ్డీలు ఒరసికొని తామును తిరుగును. ప్రతి కడ్డీ కొనయందును చీలికలు గల బిళ్ల యొకటి, దాని కీ వైపున చిన్న దీపము, ఆ వైపున వెలుగును పసిగట్టు కన్ను. బిళ్ల తిరిగినకొలదియు వెలుగు తెగుచు తగులుచు ఉండగా, ఆ తెంపులను లెక్కించి కంప్యూటరు బాణపుగుర్తును నడుపును. ఈ వరుసలో ఎచ్చట జారిపోయినను లెక్క తప్పును. గోళమునకును బల్లకును నడుమ పట్టు చాలనిచో, బురదలో దిగబడిన బండిచక్రమువలె, చేయి ముందుకు పోవుచుండును గాని గోళము తిరుగదు; తెరమీది బాణము ఉన్నచోటనే నిలిచిపోవును.

కనుకనే ప్యాడునకు ఆవశ్యకత యేర్పడినది. జిరాక్స్ వారి పత్రికయొకదానిలో 1979లో ఆర్మాండో ఫెర్నాండెజ్ అను నాతడు ఇట్టి ప్యాడును వర్ణించుచు, బల్లను అంటిపట్టుకొనుటకు అడుగున రబ్బరును, గోళమునకు పట్టు నిచ్చుటకు పైని తెరచిన రంధ్రములు గల మెత్తని నురుగుపొరను ఉండవలెనని వ్రాసెను. నేటి ప్యాడును తిరుగవేసి చూచినచో ఆ రెండుపొరల యేర్పాటు ఇంకను అందులోనే కనబడును; మారినదల్లా, నురుగుమీద పాలియెస్టరు గుడ్డ అతుకబడుటయే. బరువైన గోళము ఆ మెత్తదనములో ఇంచుక దిగి పట్టుకొని దొర్లును. మౌసు అడుగున నున్న నునుపైన పాదములో, గుడ్డమీద తేలి జారును. మొదటి చక్రపు మౌసు కోరిన ఆ విరుద్ధ గుణములు రెండును ఇచ్చట ఒకచోట చేరినవి. 1982 నాటికి జిరాక్స్ మౌసును వాడువారిలో పెక్కుమంది గోళపు పట్టు కొరకు ప్రత్యేకమైన ప్యాడులనే ఉపయోగించుచుండిరి. ఆ దినములలో ప్యాడు అలంకారము కాదు, అది యంత్రములో భాగము.

ఆ మాట అక్షరాల నిజమైన సందర్భమొకటి ఆ కాలమందే కలదు. ఈ చరిత్రయంతటిలోను నా మనసు ఎక్కువగా నిలుచునది దానియందే. 1980 డిసెంబరులో, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, ఇరువురు వేర్వేరు చోట్ల గోళము లేని మౌసును, అనగా వెలుగుతో చూచు మౌసును కనిపెట్టిరి. అందులో ఒకరు ఎమ్.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన స్టీవ్ కిర్ష్. రెండవవారు జిరాక్స్ పరిశోధనాలయమందలి రిచర్డ్ లయన్. కిర్ష్ మౌసునకు దాని ప్యాడే ప్రాణము. అది నిగనిగలాడు లోహపు పలక. దానిపై సన్నని గీతలు నిలువుగాను అడ్డముగాను గడులు గడులుగా, పరారుణకాంతిని మ్రింగివేయు సిరాతో అచ్చువేయబడినవి. మౌసు తన పరారుణదీపపు వెలుగులో ఆ గీతలను ఒక్కొక్కటిగా దాటుచు లెక్కించుకొని పోవును. ఆ పలకను కొంచెము వాలుగా త్రిప్పిపెట్టినచో, చేయి నేరుగా పోయినను తెరమీద బాణము వాలుగా పోవును. ఏలయన తూర్పేదో పడమరేదో నిర్ణయించునది మౌసు కాదు, పలక. పలక పోయినచో మౌసును ప్రక్కన పెట్టవలసినదే. కిర్ష్ స్థాపించిన మౌస్ సిస్టమ్స్ కంపెనీ వారు 1982లో దీనిని విపణికి తెచ్చిరి. పిమ్మట సన్ కంపెనీ వారి వర్క్‌స్టేషనులమీద పనిచేసిన ఇంజనీర్ల తరమంతయు ఆ వెండిపలకమీదనే చేయి త్రిప్పినది. లయన్ గారి మార్గము వేరు. ఆయన పదునారు చుక్కల చూపు గల చిన్న కన్నును, కదలికను తెలిసికొను లెక్కను ఒకే సిలికాను బిళ్లమీద చేర్చెను. దానికి కావలసినది చీకటివన్నె నేలపై తెల్లని చుక్కలు అచ్చువేసిన కాగితము మాత్రమే. దిక్కులు పలకవి గాక మౌసువే యగుటచే కాగితమును త్రిప్పినను చిక్కు లేదు. ఖరీదైన లోహపు పలక చేయు పనిని అచ్చువేసిన కాగితము చేయగలదని చూపుట చిన్న సంగతి కాదు. మౌసు తన చూపును తనలోనే నింపుకొనినకొలది ప్యాడుమీద దాని ఆధారము తగ్గుచువచ్చునని చెప్పు మొదటి సూచన ఇందున్నది.

ఇంతలో గోళపు మౌసు గృహస్థుల బల్లలమీదికి బయలుదేరినది. ఆపిల్ కంపెనీ సహస్థాపకుడైన స్టీవ్ జాబ్స్, మూడునాలుగు వందల డాలర్లు పలుకు మౌసును పదిహేను డాలర్లకు లోపుగా చేసియిమ్మని డీన్ హోవీ యను యువకుని కోరుచు, అది ఫార్మైకా బల్లమీదనే గాక తాను తొడిగిన జీన్సు లాగుమీద సైతము పనిచేయవలెనని నియమము పెట్టెనని హోవీ చెప్పియున్నాడు. ప్యాడుతో పనిలేని మౌసు కావలెనను కోరిక ఆ నియమములో స్పష్టముగా ఉన్నది. ఆ కృషి ఫలితముగా 1983 జనవరిలో లీసా, 1984 జనవరిలో మాకింటాష్ మౌసులతో వెలువడినవి. అయినను బల్లలు పలురకములు. మౌసును ఎంత నేర్పుతో చేసినను నున్నని బల్లమీద అది తడబడుట తప్పలేదు. బాబ్ మెక్‌డెర్మండ్ స్థాపించిన మౌస్‌ట్రాక్ కంపెనీ వారు మొట్టమొదటగా ప్యాడులను అమ్మకమునకు తయారుచేయగా, కంప్యూటరు ప్రదర్శనములలో వానిని పంచిపెట్టుటకు ఒప్పుకొనినది ఆ ఆపిల్ కంపెనీయే. అమ్మకమునకు చేసిన ప్యాడు మొదట జనుల చేతికి చేరినది పంపకపు వస్తువుగా. ఆ పంపకపు గుణము దానిని నేటికిని విడువలేదు. అరచేతికంటె కొంచెము పెద్దదియు, దినమంతయు కన్నుల యెదుట నుండునదియు నైన చదును వస్తువు దొరికిన తరువాత, దానిమీద తమ పేరు అచ్చువేసికొనక ఏ వర్తకుడు మాత్రము ఊరకుండును?

మన తెలుగుదేశమున మౌసు విరివిగా కనబడినది 1990 తరువాత. పెండ్లిపత్రికలు, కరపత్రములు కూర్చు డీటీపీ సెంటర్లును, అమీర్‌పేట వీధులలో అంతస్తులమీద అంతస్తులుగా వెలసిన శిక్షణాలయములును, పిదప ఇంటర్నెట్ సెంటర్లును మన యువజనుల చేతికి మౌసు నందించిన తావులు. చెప్పులు వెలుపల విడిచి, తెరలు దించిన చల్లని గదిలోనికి అడుగుపెట్టి, సన్‌మైకా అంటించిన బల్లయెదుట ఇద్దరిద్దరు ఒక యంత్రమునకు కూర్చుండి నేర్చుకొనిన తరమది. సన్‌మైకా తలము గోళమునకు సరిపడదు. అది నునుపు, చెమటచేయి తగిలినచో మరింత జారుడు. ఆ బల్లలమీద ప్యాడు లేక పోస్టరు కూర్చుట గాని, అక్షరములను సరిచేయుట గాని ఎంతటి విసుగో అనుభవించిన వారికే తెలియును. అందుచేత ప్యాడును అందరును మెచ్చిరి. కాని దాని కొక దోషమును కలదని చెప్పకుండుట న్యాయము కాదు. గుడ్డనుండి ఊడిన నూగును, చేతి చమురును, గాలిలోని దుమ్మును గోళము నెమ్మదిగా లోపలికి మోసికొనిపోయి కడ్డీల నడుమ చుట్టును. కొన్నాళ్లకు బాణము గంతులు వేయసాగును. అప్పుడు మౌసును వెల్లకిల త్రిప్పి, అడుగునున్న చక్రపు మూతను బొటనవ్రేళ్లతో త్రిప్పి ఊడదీసి, గోళమును అరచేతిలోనికి జార్చుకొనినచో, లోపల కడ్డీల నడుమభాగమున బూడిదవన్నె పట్టీ యొకటి గట్టిపడి కనబడును; దానిని గోటికొనతో గీరిన మెల్లగా పెచ్చులు పెచ్చులుగా లేచివచ్చును. స్పిరిటు దూదితో తుడిచి, గోళమును చీరకొంగునకో చొక్కా అంచునకో ఒత్తి తుడిచి, తిరిగి మూత బిగించినంతనే మౌసు క్రొత్తదానివలె నడచును. పట్టు నిచ్చినదియు ప్యాడే, మురికి నిచ్చినదియు కొంతవరకు ప్యాడే. రెండును కలిపి తూచినను ఆనాడు లాభమే ఎక్కువయని నా తీర్పు.

1999వ సంవత్సరము ఈ కథలో యుగసంధి. హ్యూలెట్ పాకార్డ్ పరిశోధకులు, కాగితముమీద చేతితో జరుపుచు నకలు తీసికొను చిన్న స్కానరు కొరకు, ఆ స్కానరు ఎటు ఎంత జరిగినదో కాగితపు పీచునే చూచి తెలిసికొను ఉపాయమును కనిపెట్టియుండిరి. ఆ ఉపాయమే సెన్సరు బిళ్లగా మారి, ఆ యేటి ఏప్రిలులో మైక్రోసాఫ్టు వారు ప్రకటించిన ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరరు కడుపులో చేరెను. ఎర్రని దీపము ఏటవాలుగా బల్లమీద ప్రసరించును. ఆ వాలు వెలుగులో, కంటికి ఆనని గరుకుదనము సైతము చిన్ని చిన్ని నీడలుగా విరియును. మౌసులోని కన్ను ఆ నీడలను సెకనునకు 1500 చిత్రములు చొప్పున తీయుచు, వెనుకటి చిత్రముతో క్రొత్తదానిని పోల్చి, ఎంత జరిగినదో ఎటు జరిగినదో లెక్కగట్టును. గోళము లేదు, కడ్డీలు లేవు, గోటితో గీరవలసిన పట్టీ లేదు. చెక్కబల్ల, వార్తాపత్రిక, చొక్కాగుడ్డ, ఏదైనను దానికి నేలయే. ఇకమీదట ప్యాడు అక్కరలేదని కంపెనీల వారు చాటిరి. సామాన్యమైన చెక్కబల్ల విషయమున ఆ మాట సత్యమే. గోళమునకు పట్టు కొరకు పుట్టిన వస్తువునకు, గోళము పోవుటతో, జన్మకారణము పోయినది.

అయితే నీడలను చూచి నడచు కన్నునకు నీడలే లేని తలము ఎదురైనచో ఏమగును? స్వచ్ఛమైన అద్దపు బల్లమీద వెలుగు చెదరక సాగిపోవుటచే కన్నునకు గుర్తులేవియు దొరకవు. మెరుగు పెట్టిన నల్లని గ్రానైటుమీదను, నిగనిగలాడు లామినేటుమీదను వెలుగు అద్దమునందువలె ఒకే దిక్కునకు తిరిగిపోవును. బాణము వణకును, లేదా గంతులు వేయును. 2004లో లాజిటెక్ వారు లేజరు వెలుగుతో మౌసును తెచ్చి ఈ చిక్కును కొంత తీర్చిరి. 2009లో వారే డార్క్‌ఫీల్డ్ అను పద్ధతితో, నాలుగు మిల్లీమీటర్లకు తక్కువగాని మందము గల అద్దముమీదను నడచు మౌసును చేసిరి. అట్టివి ఖరీదైనవి. మన ఇండ్లలోను కార్యాలయములలోను ఎక్కువగా వాడుకలో నున్నవి సాధారణపు ఎర్రదీపపు మౌసులే గనుక, అద్దపు బల్ల గలవారికి ప్యాడు నేటికిని విలాసము గాదు, అవసరమే.

జన్మకారణము పోయినను ప్యాడు బ్రతికియుండుటకు మరియొక కారణము కంప్యూటరు ఆటగాండ్రు. కౌంటర్‌స్ట్రైక్ వంటి గురిచూచి కాల్చు ఆటలలో గురి తప్పనివ్వరాదని వారు మౌసు వేగమును మిక్కిలి తగ్గించుకొని, మణికట్టుతో గాక ముంజేతినంతటిని కదల్చి ఆడుదురు; అందుచేత వారి ప్యాడులు బల్లలో సగభాగము నాక్రమించునంత వెడల్పు పెరిగినవి. నేడు స్టీల్‌సీరీస్ అను పేర ప్రసిద్ధమైన డెన్మార్కు కంపెనీ మొదట పేరుగాంచినది ఐస్‌మ్యాట్ అను గరుకు తలము గల అద్దపు ప్యాడుతో. వెలుగు చెదరునట్లు పైతలమును రాచినచో అద్దము సైతము మౌసునకు పనికివచ్చునని అది నిరూపించినది. గుడ్డప్యాడు చేయు మేలు వేరు: మౌసును కోరినచోట నిలుపుటకు అది కొంత అడ్డు నిచ్చును; గట్టి తలము త్వరగా జారనిచ్చును గాని నిలుపుటలో అంత సాయపడదు. ఇది ఆటకు మాత్రమే పరిమితమైన గుణమని నేననుకొనను. గీతగీతకు కొలత చూచు చిత్రకారునికిని, అక్షరమునకును అక్షరమునకును నడుమ ఎడమును వెంట్రుకవాసి సరిచేయు డీటీపీ పనివానికిని ఒకే తీరున జారి ఒకే తీరున నిలుచు తలము పనిలో కలిసివచ్చునని నా నమ్మకము. లెక్కలు చూచుకొనువారికిని, ఉత్తరములు వ్రాసికొనువారికిని ఆ భేదము తెలియనే తెలియదు. వారు ఆ రూకలను మిగుల్చుకొనవచ్చును.

మణికట్టు క్రింద మెత్తని దిండు గల ప్యాడులను గూర్చి మాత్రము నాకు కొంత జంకు కలదు. మణికట్టు లోపలిభాగమున ఎముకలకును బిగువైన పట్టీకిని నడుమ ఇరుకు మార్గమొకటి యుండగా, చేతివ్రేళ్లలో పెక్కింటికి స్పర్శ నిచ్చు నరమును, వ్రేళ్లను ముడుచు స్నాయువులును దానిగుండనే పోవుచున్నవి. ఆ చోటనే దిండుమీద ఆనించి గంటల తరబడి చేతిని ఇటునటు త్రిప్పుట ఆ నరముమీద ఒత్తిడి పెట్టుటయే యగును. దిండు చేయి ఆగినపుడు విశ్రాంతికి పనికివచ్చును గాని, కదలుచున్నపుడు ఇరుసుగా పనికిరాదు. ముంజేయి బల్లమీద ఆనునట్లు కుర్చీ యెత్తును సరిచేసికొని, మణికట్టు వంపులేక నేరుగా ఉండునట్లు చూచుకొనుట ఏ దిండుకంటెను మేలు.

ఇంటివద్ద ప్యాడు కావలయునో లేదో తేల్చుకొనుటకు ఒక తెల్లకాగితము చాలును. మౌసు తడబడుచున్న బల్లమీద కాగితము పరచి దానిపై నడిపి చూడవలెను. పీచు గల తలమగుటచే కాగితముమీద వెలుగుకన్ను చక్కగా నడచును. దానిమీద కుదిరి, బల్లమీద కుదరనిచో దోషము బల్లదే, ప్యాడు కొనవలెను. కాగితముమీదను కుదరనిచో సెన్సరు రంధ్రములో దుమ్ము చేరినదేమో చూడవలెను. అప్పటికిని కుదరనిచో మౌసే మార్చవలసియుండును, ఎంత మంచి ప్యాడును దానిని బాగుచేయజాలదు. కొనునపుడు అంచులు కుట్టినదానిని ఎంచుకొనవలెను. కుట్టు లేనిచో గుడ్డ త్వరలోనే రబ్బరునుండి విడివడి మూలలు లేచును. చమురుపట్టి నల్లబడినపుడు గోరువెచ్చని నీళ్లలో కొంచెము సబ్బు కలిపి అరచేతితో రుద్ది కడిగి, పిండక, నీడను చదునుగా ఆరవేయవలెను. ఎండలో వేసినచో రబ్బరు వంకరపోయి, మరల బల్లమీద చదునుగా పడియుండదు.